మందు పారబోసిన పన్నెండు ఉదయాలు

మా అమ్మాయి ప్రైమరీ త్రీలో, అంటే మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం దాని క్లాసు టీచరు నాకు ఫోన్ చేసింది. గొంతు మరీ మెత్తగా ఉంది. అంత మెత్తగా మాట్లాడేవాళ్ళు ఏదో అడగబోతున్నారని నా అనుభవం. పాప చురుకైనదని, బొమ్మలు బాగా వేస్తుందని మొదలుపెట్టింది. ఆ తర్వాత కుర్చీలో నిమిషం కూర్చోదని, చెప్పింది సగం విని లేచిపోతుందని, పరీక్ష పేపరులో చివరి రెండు పేజీలు తిప్పనైనా తిప్పలేదని చెప్పుకొచ్చింది. చివరికి, "ఒకసారి డాక్టరుకి చూపిస్తే బాగుంటుందేమో, ఆలోచించండి" అంది.

నాకు ముందు కలిగింది భయం కాదు, అనుమానం. అంతమంది పిల్లల్ని ఒక్కతే సంభాళించే మనిషికి నోరు మెదపని పిల్లలు కావాలి గదా అనుకున్నాను. ఆ సాయంత్రం నా భార్యకి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. స్టవ్ గట్టు తుడుస్తూనే, "ఏడాదిగా నేనూ అదే అనుకుంటున్నానండీ" అంది. వీళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అనిపించింది. ఆ మాట అడగలేదు. మనసులో పెట్టుకున్నాను.

అప్పటికి నేను ఈ పరాయి దేశం వచ్చి పద్నాలుగేళ్ళు, పెళ్ళయ్యాక మేం యీషున్ అనే ఈ పేటలో ఉండబట్టి తొమ్మిదేళ్ళు. ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. ఆమెది బ్యాంకు, నాది ఇన్సూరెన్సు కంపెనీ. బడి ఒంటిగంటన్నరకి వదిలితే, మేం వచ్చేదాకా పాప ఎదురు ఫ్లాట్ ఆంటీ దగ్గర ఉండేది. ఆంటీది తెలుగు కుటుంబమే గానీ మాలాగా నిన్నమొన్న వచ్చినవాళ్ళు కాదు. వాళ్ళ తాత విశాఖపట్నం వైపునుంచి ఓడలో వచ్చాడట. ఆమె పుట్టింది సెంబవాంగ్‌లో, తెల్లవాళ్ళ నావికాస్థావరం పనివాళ్ళ క్వార్టర్సులో. ఆమె తెలుగులో సగం అరవం, కాస్త మలయ్.

డాక్టరు మాటెత్తగానే ఆంటీ చెయ్యి ఊపేసింది. "మా తమ్ముడూ ఇట్టానే ఉండినాడు బాబూ. ఒక్క చోట కాలు నిలవదు. అప్పుడు మాత్రలూ గీత్రలూ ఎవురికి తెలుసు? ఇప్పుడు బూన్ లే దగ్గర సొంతంగా అయిదు లారీలు పెట్టుకోనుండాడు. చుమ్మా వదిలెయ్, పెద్దయితే అదే సర్దుకుంటాది."

ఆ అయిదు లారీలు నాకు గొప్ప సాక్ష్యంలా దొరికాయి. ఇంట్లో ఎన్నిసార్లు ఆ మాట ఎత్తానో లెక్కలేదు.

అయినా ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు నలభై దాటిన చైనీస్ ఆవిడ, నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడుతుంది. మాకు ఒక ఫారం, టీచరుకి ఒక ఫారం ఇచ్చింది. పాప చేత బ్లాకులు పేర్పించింది, కథ చెప్పించింది. రెండోసారి వెళ్ళినప్పుడు మమ్మల్ని అడిగింది, "మీ రెండు కుటుంబాల్లో చిన్నప్పుడు ఇలా ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

నా భార్య నా వైపు చూసింది. కాకినాడలో మా బడి కథలు పెళ్ళయిన కొత్తలో నేనే నవ్వుతూ చెప్పాను. మాస్టారు నన్ను బెంచీకి తువ్వాలుతో కట్టేయడం, నేను బెంచీతో సహా వరండాలోకి నడిచి వెళ్ళడం. ఆమె చూపు నా మీదే ఉంది. నేను డాక్టరుతో, "ఎవరూ లేరండీ" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. ఆవిడ ఏదో వల పన్నుతున్నట్టు, ఆ ప్రశ్నకి అవునంటే నేను అందులో పడిపోతానన్నట్టు అనిపించింది.

ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం, రెండూ కలిసిన తీరు అని చెప్పింది డాక్టరు. బడిలో నేర్పే మెళకువలు, ఇంట్లో మేం పాటించాల్సిన పద్ధతులు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. వాటితోపాటు పొద్దున పూట ఒక క్యాప్స్యూలు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, చూసుకుంటూ మారుద్దామంది. ఆకలి తగ్గొచ్చు, నిద్ర పట్టడం ఆలస్యం కావొచ్చు, ఏం తేడా కనిపించినా ఫోన్ చెయ్యమంది.

ఇంటికొచ్చి ఆ మందు గురించి చదివాను. ఉత్తేజకాల జాతికి చెందినదని ఉంది. పద్నాలుగేళ్ళ కిందట ఈ దేశంలో మొదటిసారి దిగుతూ నింపిన కార్డు గుర్తొచ్చింది. మాదకద్రవ్యాలు తెచ్చినవాళ్ళకి మరణశిక్ష అని దాని మీద ఎర్రటి అక్షరాలు ఉండేవి. అలాంటి దేశంలో, ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ జాతి మందుని, సీసా మీద పిల్ల పేరు అచ్చువేసి ఇస్తున్నారు. నా భార్యతో ఆ మాటే అంటే ఆమె లాప్‌టాప్ మూసేసి, "మార్ఫిన్ కూడా అంతేగా. ఆపరేషన్ అయినవాళ్ళకి ఇవ్వరా?" అంది. ఆ మాటతో నా అనుమానం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

పొద్దున ఆరున్నరకే ఆమె ట్రైన్‌కి వెళ్ళిపోయేది. పాపని బడికి నడిపించుకెళ్ళేది నేను. అందుకని మందు ఇచ్చే పని నాకు పడింది. పాపకి క్యాప్స్యూలు మింగడం రాదు. అలాంటప్పుడు దాన్ని విప్పి, లోపలి పూసల్ని చెంచాడు చల్లని జామ్ మీద చల్లి పెట్టొచ్చనీ, పూసల్ని నమలకూడదనీ డాక్టరు చెప్పింది. ఆవగింజలో సగం ఉండే తెల్లటి పూసలు. నేను వాటిని జామ్ మీద చల్లుతుంటే అది నోరు తెరిచి నిలబడేది.

మొదటి వారంలోనే టీచరు నుంచి మెసేజ్ వచ్చింది, క్లాసులో ఇచ్చిన పనంతా పూర్తిచేసిందని. రెండో వారంలో పాప చొక్కాకి ఒక బ్యాడ్జీ పెట్టుకొచ్చింది. తన టేబుల్ పిల్లలకి గ్రూప్ లీడరట. నా భార్య ఆ బ్యాడ్జీని ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపింది. నేను మాత్రం తిరిగొచ్చిన టిఫిన్ డబ్బా చూస్తున్నాను. ఇడ్లీలు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. ఆంటీ కూడా, "పాపకి మకాన్ లేదు, తిండే లేదు బాబూ, రెండు ముద్దలు తిని చాలంటాది" అంది.

మూడో శనివారం పాప డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని బొమ్మ వేస్తోంది. గంట గడిచింది. ఇంట్లో చప్పుడు లేదు. ఏమిటో తేడాగా ఉందని నాకు కాసేపటికి గానీ తట్టలేదు. అది పాడటం లేదు. బొమ్మ వేస్తున్నంతసేపూ తనలో తను కథ చెప్పుకునే పిల్ల.

"ఏం వేస్తున్నావురా?" అన్నాను.

"టైగర్."

అంతే. అంతకు ముందైతే ఆ పులి వాళ్ళమ్మ ఏ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కిందో, దాని కార్డులో బ్యాలెన్సు ఎందుకు లేదో కూడా చెప్పేది. నా భార్యతో అంటే, "దాన్నే శ్రద్ధ అంటారండీ. మనింట్లో అలవాటు లేక మీకు వింతగా ఉంది" అంది. డాక్టరు నంబరు ఫ్రిజ్ మీదే అంటించి ఉంది. ఫోన్ చెయ్యలేదు. చెబితే ఇంకో మందు రాస్తుందనుకున్నాను.

మర్నాడు ఆదివారం. మా బ్లాక్ వెనక కేకు సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళి, కేకుల మీద అలంకారానికి చల్లే తెల్ల చక్కెర పూసల డబ్బా కొన్నాను. సోమవారం పొద్దున క్యాప్స్యూలు విప్పి మందుని సింకులోకి వంపాను. నీళ్ళు వదిలాను. చక్కెర పూసలు జామ్ మీద చల్లాను. నా బిడ్డని నేను కాపాడుకుంటున్నానన్న నమ్మకం గట్టిగా ఉంది.

ఆ సాయంత్రం పాప ఆంటీ ఇంటినుంచి పాడుకుంటూ వచ్చింది. చెప్పులు ఒకటి తలుపు దగ్గర, ఒకటి సోఫా కింద. రెండు ప్లేట్ల అన్నం తింది. పులి గురించి, పులి వాళ్ళ మావయ్య గురించి అరగంట చెప్పింది. నేను గెలిచినట్టు కూర్చుని విన్నాను. ఇంటికొచ్చిన నా భార్య, "ఇవాళ కాస్త హుషారుగా ఉందే" అంది. "మందుకి అలవాటు పడుతోందేమో" అన్నాను. అబద్ధం అంత నున్నగా రావడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

ఆ వారంలో వాటర్ బాటిల్ రెండుసార్లు పోయింది. గురువారం లెక్కల పుస్తకం బడిలో వదిలేసింది, శుక్రవారం బ్యాగే వదిలేసింది. శనాదివారాలు నా భార్య ఆలస్యంగా లేస్తుంది కనుక ఆ రెండు రోజులూ ఇబ్బంది లేకపోయింది. రెండో సోమవారం పాప చొక్కాకి బ్యాడ్జీ లేదు. అడిగితే భుజాలు ఎగరేసి, "టీచర్ గివ్ టు సమ్‌వన్ ఎల్స్" అని లోపలికి పోయింది. ఆ రోజే టీచరు మెసేజ్: "మందులో ఏమైనా మార్పు చేశారా?" నేను వెంటనే జవాబిచ్చాను: "ఏ మార్పూ లేదు." పంపాక, ఈవిడకి ఎలా తెలిసిందని అనుమానించాను. నా భార్యే చెప్పి అడిగించిందని కూడా అనుకున్నాను. ఆ దశలో నేను అనుమానించని మనిషి లేదు, నేను తప్ప.

మంగళవారం ఇంటినుంచి పని చేస్తున్నాను. పాప హోంవర్కు ముందు పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. స్కేలుతో నుదుటి మీద మెల్లగా కొట్టుకుంటోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వెయిటింగ్, నాన్నా."

"దేనికి?"

"మెడిసిన్ కోసం. పొద్దున తిన్నా కదా, ఇంకా రాలేదు లా."

స్కేలు తీసుకుని పక్కన పెట్టాను. మ్యాంగో జ్యూస్ ఇచ్చి, హోంవర్కు నేనే సగం చేసిపెట్టాను. ఆ మాటకి నేను అక్కడే ఆగిపోయి ఉండాలి. ఆగలేదు. ఆ తర్వాత కూడా మూడు ఉదయాలు చక్కెర పూసలే చల్లాను. ఆపితే నాది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది, అంతే.

బుధవారం ఆంటీ పాపని అప్పగిస్తూ గుమ్మంలో ఆగిపోయింది. నా ముఖంలోకి చూస్తూ, "ఇది మళ్ళీ మునుపటి మాదిరి అయిపోయింది. మాత్ర ఇస్తాన్నారా?" అంది.

"ఇస్తున్నాం ఆంటీ."

ఆమె నమ్మలేదని తెలుస్తూనే ఉంది. గేటు పట్టుకుని, "మా తమ్ముడి లారీల కత చెప్పినాను గానీ మిగతాది చెప్పలే" అంది. "మా నాయన రోత్తాన్ బెత్తం తీసుకుని వాణ్ణి రోజూ కొట్టేవాడు. పన్నెండేళ్ళకే బడి మానేసినాడు. నాయన పోయినప్పుడు కూడా ఇంటి గడప తొక్కలే. పావం, వాడికి తను చెడ్డోడనే తెలుసు, ఇంకేమీ తెలీదు." అంతే చెప్పి తలుపేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ముగ్గురం వెళ్ళాం. డాక్టరు పాప ఎత్తూ బరువూ చూసి, టీచరు పంపిన ఫారం చదివింది. మొదటి మూడు వారాలు బాగా ఉందని, తర్వాత రెండు వారాలు మొదటికొచ్చిందని టీచరు రాసిందట. డాక్టరు పాపని దగ్గరికి పిలిచి, "నీకెలా ఉంది?" అంది.

పాప కుర్చీ తిప్పుతూ నేల వైపు చూస్తూ చెప్పింది. "ముందు మెడిసిన్ వర్క్ చేసింది. నౌ కెనాట్. రోజూ తింటున్నా. బట్ ఐ థింక్ మెడిసిన్ కంటే నా నాటీ ఎక్కువ స్ట్రాంగ్."

నా భార్య పాప వీపు మీద చెయ్యి వేసింది. డాక్టరు రాసుకుంటూ మా వైపు తిరిగింది. "కొందరికి మొదటి మోతాదు చాలదు. తర్వాతి మోతాదుకి వెళ్దాం" అంది. నా భార్య తల ఊపింది. డాక్టరు వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి.

"ఆగండి" అన్నాను. "గత పన్నెండు రోజులుగా పాపకి మందు ఇవ్వలేదు. నేను పారబోశాను. వేరే పూసలు చల్లాను. చక్కెరవి."

నా భార్య నన్ను చూడలేదు, గోడకున్న ఎత్తు కొలిచే పటం వైపు చూస్తోంది. పాప కుర్చీ తిప్పడం ఆపేసింది.

"సో... నాట్ మీ?" అంది.

ఎవరిని అడిగిందో తెలియదు. డాక్టరే జవాబు చెప్పింది. "నువ్వు కాదు. నువ్వు మందు తినలేదు, అందుకే పనిచెయ్యలేదు. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

పాప నా వైపు చూసిన చూపులో కోపం లేదు. లెక్క మళ్ళీ మొదటినుంచి చేసుకుంటున్నట్టు చూసింది. ఆ తర్వాత ముఖం వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి ఏడ్చింది. ఆ పన్నెండు రోజుల్లో అది ఒక్కసారి కూడా ఏడవలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

డాక్టరు నన్ను తిడుతుందనుకున్నాను. పాపని నర్సు దగ్గరికి పంపి, ఎందుకలా చేశారని మాత్రం అడిగింది. పాట ఆగిపోయిందని, పులి గురించి ఒక్క మాటే చెప్పిందని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఇది మీరు ఆ శనివారమే నాకు చెప్పాల్సింది" అంది. "పిల్ల మరీ మూగగా, మందకొడిగా అయిపోతే మోతాదు ఎక్కువైందేమో చూడాలి. మీరు ఫోన్ చేసుంటే నేను తగ్గించి చూసేదాన్ని. ఇవాళ ఏమైందో చూడండి. పెంచబోయాను."

నా అనుమానంలో కొంత నిజం ఉంది. ఆ నిజాన్ని దాచిపెట్టి, దాని పేరు చెప్పుకుని నా కూతురికి నేను అబద్ధం తినిపించాను. కుటుంబంలో ఎవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగిన పాత ప్రశ్నకి కూడా అప్పుడే జవాబు చెప్పాను, బెంచీ, తువ్వాలు, అంతా. ఆవిడ రాసుకుంది. నా భార్య మొదటిసారి తల తిప్పి నన్ను చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో పాప మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఇంటికెళ్ళి పాప స్నానానికి వెళ్ళాక నా భార్య అంది. "మందుని అనుమానించారు. టీచర్ని అనుమానించారు. నన్నూ అనుమానించారు కదూ?"

నేను సోఫా కింద ఉన్న పాప చెప్పు తీసి రెండోదాని పక్కన పెట్టాను.

"మాలో ఒక్కళ్ళనైనా అడిగారా?" అని, నేను దాచిన చక్కెర పూసల డబ్బా బయటికి తీసి, చెత్తబుట్టలో వెయ్యకుండా షెల్ఫులో ఎదురుగా పెట్టింది. అది అక్కడ చాలా రోజులుంది. ఆ తర్వాత ఎప్పుడు తీసిందో నాకు తెలియదు.

మోతాదు తగ్గించారు. మందు వెయ్యకముందే కడుపునిండా టిఫిన్ పెట్టమన్నారు, సాయంత్రం ఆకలేసినప్పుడు ఇంకో భోజనం. పాట మునుపటంత కాకపోయినా తిరిగి వచ్చింది. కొన్ని రోజులు పులి కథ వస్తుంది, కొన్ని రోజులు రాదు. పిల్లలు పెరుగుతూ మానేసే పాటలకీ, మందు మాన్పించే పాటలకీ తేడా ఎలా తెలుస్తుందని డాక్టర్ని అడిగాను. "కచ్చితంగా తెలియదు, అందుకే చూస్తూ ఉండాలి" అంది. ఆవిడ చెప్పినవాటిలో నేను మొదట నమ్మిన మాట అదే. గ్రూప్ లీడర్ బ్యాడ్జీ మాత్రం ఆ ఏడాది పాపకి తిరిగి రాలేదు. టీచర్ని కలిసి జరిగింది చెప్పాను. ఆమె విని, "బ్యాడ్జీ తీసి ఇచ్చేసిన రోజు పాపకి చాలా కష్టమైంది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

మందు సీసా నా భార్య ఆఫీసు బ్యాగులోకి వెళ్ళిపోయింది. పాపని ఆరింటికే లేపి, తినిపించి, తనే మందు ఇచ్చి ట్రైన్‌కి వెళ్ళేది. ఎప్పుడైనా ఆమెకి జ్వరమొచ్చి నేను చెంచా పట్టుకుంటే పాప నోరు తెరిచేది కాదు. ముందు చెంచాని, తర్వాత నన్ను చూసి, "రియల్ వన్ ఆ?" అనేది. నేను ఖాళీ క్యాప్స్యూలు, సీసా మీద పేరు చూపించేవాణ్ణి. అప్పటికి గానీ తినేది కాదు. తొమ్మిదేళ్ళ పిల్ల తండ్రి చేతిని అలా చూడటం ఎలా ఉంటుందో నేను ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడది ప్రైమరీ ఫైవ్. క్యాప్స్యూలు మంచినీళ్ళతో మింగేస్తుంది. పోయిన నెల నా భార్య ఆఫీసు పనిమీద మూడు రోజులు కౌలాలంపూర్ వెళ్ళింది. తెల్లవారి లేచి చూస్తే మందు సీసా డైనింగ్ టేబుల్ మధ్యలో ఉంది. చీటీ లేదు. మెసేజ్ లేదు. హడావిడిలో బ్యాగులోంచి తీసి మరిచిపోయిందా, నాకు వదిలి వెళ్ళిందా, లేక లోపలి క్యాప్స్యూళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళిందా? కాసేపు దాన్ని ముట్టుకోకుండా నిలబడ్డాను.

పాప బ్రష్ చేసుకుని వచ్చి, దోసె తిని, సీసా మూత తనే తీసింది. క్యాప్స్యూలు అరచేతిలో వేసుకుని మింగి, మూత పెట్టి నా ముందుకి జరిపింది. "అమ్మకి మెసేజ్ పెట్టు నాన్నా, నేను తినేశానని" అంది.

పెట్టాను. నా భార్య నుంచి బొటనవేలు గుర్తు ఒక్కటే వచ్చింది. ఆమె తిరిగొచ్చాక కూడా సీసా టేబుల్ మీదే ఉంది. ఎందుకని నేను అడగలేదు.